బంతిలో వలపక్షం

సంపాదకులకు,

అయ్యా,

గత మాఘమాసంలో నల్లగొండ శివార్లలోని ఒక ఫంక్షన్ హాలులో జరిగిన పెండ్లి గురించి మీ పత్రిక జిల్లా పేజీలో ఫొటోతో సహా వార్త వచ్చింది. వధూవరులను ఆశీర్వదించిన ప్రజాప్రతినిధులు, కాంట్రాక్టర్లు, మిల్లుల యజమానులు, హైదరాబాదు నుంచి వచ్చిన టీవీ నటి, అందరివీ కలిపి పంతొమ్మిది పేర్లు ఆ వార్తలో ఉన్నాయి. చివరి వాక్యంలో మాత్రం 'ఒగ్గుడోలు విన్యాసాలు అతిథులను ఆకట్టుకున్నాయి' అని రాశారు. ఆ డోలు వాయించినదెవరో రాయలేదు. ఆ పెండ్లిలో నేనున్నాను. వార్తలోకి ఎక్కని సంగతి ఒకటి అక్కడ నా కళ్లముందు జరిగింది. అందులో నా పాత్ర కూడా ఉన్నందువల్లనే, ఇంత ఆలస్యంగానైనా ఈ లేఖ రాస్తున్నాను.

నేను నల్లగొండలో ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఒక చిన్న ముద్రణాలయం నడుపుతున్నాను. బిల్లుపుస్తకాలు, కరపత్రాలు, గోడపత్రికలు కూడా వేస్తాను గానీ నా ప్రెస్సు బతికేది పెండ్లిపత్రికల మీదనే. మొదట్లో ఒక పెండ్లికి ఒకటే పత్రిక ఉండేది. శివకాశి నుంచి వచ్చిన కార్డుల ఆల్బం ముందు పెట్టుకొని ఇంటిల్లిపాదీ ఒక పూటంతా కూర్చొని ఒక నమూనా ఎంచుకునేవారు. అన్నీ నాలుగు మూలలా పసుపు పెట్టి పంచేవారు. జిల్లా అధికారికి అందిన పత్రికే ఇంటికి పాలు పోసే మనిషికీ అందేది. పదేళ్లుగా పద్ధతి మారింది. ఇప్పుడు కాస్త ఉన్నవారి ఇంట పెండ్లి అనగానే రెండు రకాల పత్రికలు అడుగుతున్నారు. నేను చెబుతున్న పెండ్లికి పద్నాలుగు వందల మామూలు పత్రికలు, నూట అరవై పెట్టె పత్రికలు అచ్చువేశాను. పెట్టెలో నాలుగు గళ్లుంటాయి. వాటిలో బాదం, జీడిపప్పు, ఎండు ద్రాక్ష, ఖర్జూరం. వాటి కింద అరచేతి వెడల్పున ఒక చిన్న కార్డు, దానిమీద బంగారు రేకు అక్షరాలతో ఒక వరుస సంఖ్య, 'ప్రత్యేక విందు' అనే రెండు మాటలు. ద్వారం దగ్గర ఆ కార్డు చూపిస్తే మణికట్టుకు ఎర్రటి పట్టీ కడతారు. ఆ పట్టీ ఉన్నవారికి పక్కనున్న ఏసీ హాలులో భోజనం, లేనివారికి కింది హాలులో.

మామూలు పత్రికలోనూ పెట్టె పత్రికలోనూ నేను వేసిన మాటలు అక్షరం తేడా లేకుండా ఒకటేనన్నది పాఠకులు గమనించాలి. 'సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మదర్పిత చందన తాంబూలాది సత్కారములను స్వీకరించి మమ్ములను ఆనందింపజేయ ప్రార్థన' అని రెండింటిలోనూ ఉంటుంది. ఈ మాటలను ఎన్ని వేలసార్లు కూర్చానో లెక్కలేదు. వాటికి అర్థముందని ఆ రాత్రి వరకు నిలబడి ఆలోచించలేదు.

ఆ రాత్రి పెండ్లికొడుకును ఎదుర్కొని తీసుకురావడానికి ఒగ్గుడోలు బృందాన్ని పిలిపించారు. మొత్తం పన్నెండు మంది. వారికి పెద్ద డెబ్బై దాటిన ఒగ్గు కథకుడు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ రాత్రి మొదలుపెడితే తెల్లవారేదాకా గొంతు జీరపోకుండా చెప్పగల మనిషి. రాష్ట్ర ఆవిర్భావ దినోత్సవం నాడు ప్రభుత్వం చేతులమీదుగా శాలువా అందుకున్నారు. చెర్వుగట్టు జాతరకు వెళ్లినా, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వెళ్లినా ఆయన చుట్టూ జనం మూగడం నేను చూశాను. ఈ ప్రాంతపు ఆటోవాళ్ల ఫోనుల్లో ఆయన కథ ఉంటుంది. ప్రసిద్ధుడు అనే మాటకు మా జిల్లాలో ఆయనకంటే తగినవారు ఎందరున్నారో నాకు తెలియదు. డోలు భుజాన వేసుకొని నలభై ఐదు నిమిషాలు ఆడారు. కుర్రవాళ్లు ఒకరి భుజాలపై ఒకరు నిలబడితే, అందరికంటే పైనున్నవాడు డోలు వాయిస్తుండగా ఈయన కింద ఒగ్గు అనే చిన్న ఢమరుకం పట్టుకొని పాట అందుకున్నారు. అతిథులు వరుసకట్టి ఆయనతో ఫొటోలు దిగారు. పెండ్లికూతురి తాత స్వయంగా వచ్చి ఆయన చేతులు పట్టుకొని, "తినకుంట పోవద్దు, నా మీద ఒట్టు" అన్నారు. అంటూనే పక్క హాలు వైపు చెయ్యి చూపించారు.

ఆ మాట పట్టుకొని ఆయన తొమ్మిదిన్నర ప్రాంతంలో ముఖం కడుక్కొని, గజ్జెలు సంచిలో వేసుకొని పక్క హాలు ద్వారం దగ్గరికి వచ్చారు. ద్వారం దగ్గరున్న నల్లచొక్కా కుర్రవాడు ముందుగా ఆయన ముఖం చూడలేదు, మణికట్టు చూశాడు. "తాతా, పట్టీ లేకుంటె పంపొద్దన్నరు. ఆర్టిస్టులకు ఎనుక జనరేటరు కాడ పెట్టిండ్రు" అన్నాడు. కసురుకోలేదు, అవమానించాలన్న ఉద్దేశం కూడా అతనికి లేదు. గంట కిందట ఆయనతో ఫొటో దిగినవారిలో ఆ కుర్రవాడూ ఉన్నాడు. పెద్దాయన ఒక్క మాట అనలేదు. తల ఊపి, కండువా సర్దుకొని వెనుకకు నడిచారు.

ఆయన వెనుక మూడడుగుల దూరంలో నేనున్నాను. పత్రికలు అచ్చువేసినవాణ్ణన్న అభిమానంతో ఆ ఇంటివారు నాకూ ఒక పెట్టె ఇచ్చారు కాబట్టి నా చేతికి ఎర్రపట్టీ ఉంది. 'అన్నా, నాతో రండి' అని చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకువెళ్లవలసింది. పిలవలేదు. లోపలికి వెళ్లి తిన్నాను. ఆ హాలులో గోడకు నిలువెత్తు తెర కట్టి, గంట కిందటి ఎదుర్కోలు దృశ్యాన్ని మళ్లీ మళ్లీ వేస్తున్నారు. మేము తింటున్నంతసేపూ తెరమీద ఆయన డోలు వాయిస్తూనే ఉన్నారు. అది చూస్తూ నూట అరవై మందిమి భోంచేశాము. ఆయనను ద్వారం దగ్గర ఆపిన ఆ చిన్న కార్డును అచ్చువేసింది నేను. ఆపినప్పుడు ఊరుకున్నదీ నేనే.

ఇది ఒక్క కుటుంబపు తప్పని నేను అనుకోవడం లేదు. ఆ తాతకు ఈ సంగతి తెలిస్తే ఎంత బాధపడేవాడో నేను ఊహించగలను. మా ప్రాంతంలో వరుసగా కూర్చొని తినడాన్ని బంతి అంటాము. బంతిలో వలపక్షం చేయరాదన్నది పెద్దల మాట. ఒకరికి ముక్కలు, పక్కవారికి పులుసు వడ్డిస్తే ఆ ఇంటి పేరు పోయేది. అయితే పాతకాలమంతా మంచిదని చెప్పడానికి నేను ఈ మాట ఎత్తడం లేదు. ఆ నీతి ఒకే బంతిలో కూర్చున్నవారికే వర్తించేది. ఎవరిని ఏ బంతిలో కూర్చోబెట్టాలన్నది కులం ముందే తేల్చేది. డప్పు కొట్టినవారు, డోలు మోసినవారు, బట్టలు ఉతికినవారు అందరి భోజనాలూ అయిపోయాక ఎక్కడో దూరంగా ఆకులు పరుచుకునేవారు. దానిని ఎవరూ వలపక్షం అనలేదు. దొర ఉండే గడీ ముందు నుంచి నడవవలసి వస్తే చెప్పులు చేతపట్టుకున్న కాలమది. ఆ కాలానికి ఎదురుతిరిగిన జిల్లా మాది. ఇక్కడి పల్లెలు ప్రాణాలిచ్చి దొరల ముందు నడుము నిటారుగా నిలబెట్టుకున్నాయి. ఇప్పుడు కులం పేరు ఎవరూ ఎత్తడం లేదు, పట్టీ రంగు అడుగుతున్నారంతే. అయినా ఆ రాత్రి జనరేటరు దగ్గర కూర్చొని తిన్నవారు ఎవరో, వారి తాతలు ఎక్కడ కూర్చొని తినేవారో ఒకసారి ఆలోచిస్తే రెండు చోట్లా మనుషులు మారలేదని తెలుస్తుంది.

పాట కావాలి, పాడేవాడు పక్కన వద్దు అనే ఈ తీరు మన ఒక్కరిదే కాదని కూడా ఒప్పుకోవాలి. ఫ్రాన్సులో రాజు ముందు నాటకాలాడి మెప్పు పొందిన మోలియేర్ 1673లో చనిపోయినప్పుడు, నటుడన్న కారణంగా చర్చి మామూలు అంత్యక్రియలకు ఒప్పుకోలేదు. రాజు కల్పించుకున్న తరువాత రాత్రిపూట పాతిపెట్టారు. న్యూయార్కులో ఆస్టర్ అనే ధనిక కుటుంబపు ఇల్లాలు ఎవరిని విందుకు పిలిస్తే వారే గొప్పవారన్న రోజులుండేవి. ఆ గొప్పవారు నాలుగు వందల మందేనని ఒక పెద్దమనిషి తేల్చి, 1892లో ఆ పేర్లను పత్రికకు ఇస్తే అక్కడి వారు అచ్చువేశారు. అమెరికాలోనే హాటీ మెక్‌డానియల్ అనే నల్లజాతి నటికి 1940లో ఉత్తమ సహాయనటిగా ఆస్కారు బహుమతి ఇచ్చారు. బహుమతి ఇచ్చిన విందులో మాత్రం ఆమెను తోటి నటుల బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు, గోడవారగా ఒక చిన్న బల్ల వేశారు. వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టడానికి, పక్కన కూర్చోబెట్టుకొని తినడానికి మధ్య ఎంత దూరముందో చెప్పడానికి ఆ బల్ల ఒక్కటి చాలు.

మన దేశంలో ఈ పని క్లబ్బులు చేశాయి. తెల్లవారి క్లబ్బుల్లో మనవారికి ప్రవేశం లేదని ఏడ్చిన మనవాళ్లే ఆ క్లబ్బులు చేతికి వచ్చాక పంచెకట్టును బయట నిలబెట్టారు. ఎం. ఎఫ్. హుస్సేన్ పద్మభూషణ్ పొందిన చిత్రకారుడు, 1988 నాటికి రాజ్యసభ సభ్యుడు కూడా. కాళ్లకు చెప్పులు లేవని ఆ ఏడాది బొంబాయిలోని విల్లింగ్డన్ క్లబ్బు ఆయనను లోపలికి రానివ్వలేదు. 2014లో చెన్నైలో ఒక క్రికెట్ సంఘపు క్లబ్బు, పంచె కట్టుకొని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని ఆపివేసింది. అక్కడ మాత్రం కథ అంతటితో ఆగలేదు. నెల తిరిగేసరికి తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచెకట్టుతో వచ్చినవారిని ఆపితే క్లబ్బు లైసెన్సు రద్దు చేయవచ్చని, ఏడాది వరకు జైలు, ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా వేయవచ్చని అందులో రాశారు. 2017లో ఢిల్లీలోని ఒక గోల్ఫ్ క్లబ్బులో, మేఘాలయకు చెందిన ఖాసీ మహిళను ఆమె సంప్రదాయ వస్త్రాలు పనిమనిషి బట్టల్లా ఉన్నాయంటూ భోజనాల బల్ల దగ్గర నుంచి లేవమన్నారు. ఆమె ఆ రోజు పిలిస్తే వచ్చిన అతిథి.

ఇలాంటివన్నీ పెద్ద నగరాల సంగతులు, మన ఊళ్లకు అంటవు అని నేను చాలాకాలం అనుకున్నాను. తెలంగాణ ప్రజా చైతన్యానికి మొదలే ఇలాంటి ఒక అవమానమని మరిచిపోయి అలా అనుకున్నాను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణంలో ధొండో కేశవ కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. చదువుకున్నవారు, పేరున్నవారు, సంస్కారం గురించి మాట్లాడడానికి కూడినవారు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలను శ్రద్ధగా విన్నారు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు తెలుగువారు సమావేశమై ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తరువాతి కాలంలో ఆంధ్ర మహాసభగా మారి, మా దేవరకొండలో 1931లో రెండవ మహాసభ జరుపుకొని, చివరకు నిజాం పాలననే కదిలించిన ఉద్యమానికి అదే విత్తనం. అలాగే, తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు తేలికగా రాసిపారేసినప్పుడు పాలమూరు బిడ్డ, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఆయనతో వాదానికి దిగలేదు. ఊరూరికీ మనుషులను కదిలించి, పేర్లు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. అచ్చుపని చేసేవాడిగా నాకు ఆ సంచిక మీద ఎంతో గౌరవం. మీరు లేరన్నవారి పేర్లు ఇవిగో అని వరుసగా అచ్చులో పెట్టి చూపించడమే దాని బలం. ఆ సంపాదకుడి వారసత్వం ఉన్న తెలుగు పత్రికలే ఇవాళ 'డోలు విన్యాసాలు ఆకట్టుకున్నాయి' అని రాసి పేరు వదిలేస్తుంటే నాకు కష్టంగా ఉంది.

పేరు ఒక్కటే సరిపోదనడానికి పాలమూరు నుంచే ఉదాహరణ ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలానికి చెందిన దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగవాద్యం మీద పండుగ సాయన్న అనే జానపద వీరుడి కథ పాడతారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమా పాటతో ఆయన గొంతు రాష్ట్రమంతా మోగింది. రెండేళ్లు దాటగానే హైదరాబాదు శివారు తుర్కయాంజాల్‌లో ఇల్లు కట్టేచోట ఆయన కూలిపని చేస్తూ కనిపించారని 2024లో పత్రికలే రాశాయి. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. వెదురు, సొరకాయ బుర్ర, తీగలు కలిపి తాతముత్తాతలు చేసుకున్న వాద్యం అది. ఇటువంటివారికి దేశం ఇచ్చిన బిరుదు మన వేడుకల ద్వారాల దగ్గర ఎంతవరకు చెల్లుతుందన్నది నా ప్రశ్న. నిరుడు ఒక పెండ్లివారి అతిథుల జాబితా సరిచూస్తూ, ఇంతటి కళాకారులు మన పక్క జిల్లాల్లోనే ఉన్నారు గదా, ఒక్కరినైనా పిలవకూడదా అని అడిగాను. 'ప్రోగ్రాం పెట్టిద్దామా, రేటెంత?' అని వారు ఎదురు అడిగారు. అతిథిగా పిలవవచ్చునన్న ఆలోచనే వారికి తట్టలేదు. వారిలో చెడ్డతనం ఏమీ లేదు. నాకూ అంతకుముందు తట్టలేదు.

ఈ విషయం ఆ పెండ్లిని నడిపించిన ఈవెంటు మేనేజరుతో తరువాత మాట్లాడాను. ఆర్టిస్టులకు డబ్బు ఇస్తున్నాం గదా, వారు పనికి వచ్చినవారు గదా అన్నాడు. డబ్బు తీసుకోవడమే అతిథికీ పనివారికీ తేడా అయితే, ఆ టీవీ నటి కూడా రావడానికి డబ్బు తీసుకున్నారు, ఆ లెక్క అతని పుస్తకంలోనే ఉంది. ఆమెకు పట్టీ కట్టారు. పురోహితులు సంభావన తీసుకున్నారు, వారికి వేరుగా గౌరవంగా ఏర్పాటు చేశారు. ఆ నటి మీద నాకు ఏ కోపమూ లేదని స్పష్టం చేయాలి. నాటకాల్లో, సినిమాల్లో నటించే స్త్రీలను మర్యాదస్థుల ఇళ్లు గడప తొక్కనివ్వని కాలం మన తెలుగునేల మీద కూడా ఉండేది. దానిని దాటడానికి ఎందరో ఆడవారు ఎంతో భరించారు. ఇవాళ ఆమెకు దక్కిన మర్యాద న్యాయమైనది. అదే మర్యాద ఒగ్గు పట్టుకున్నవారి దగ్గరికి రాకముందే ఎందుకు ఆగిపోయిందన్నదే నా ఆవేదన.

'వారికి వెనుకనే సుఖంగా ఉంటుంది, పెద్దవాళ్ల మధ్య కూర్చోలేరు' అని కూడా ఆ మేనేజరు అన్నాడు. అతను వారిని అడిగి చెప్పిన మాట కాదది. ఖర్చు మాట కూడా ఎత్తాడు. పన్నెండు మందికి ఆ ప్రత్యేక భోజనం పెట్టినా, ఆ రాత్రి కాల్చిన పటాకుల ఖర్చులో ఒక మూలకు రాదు.

ఇవి ప్రైవేటు వేడుకలు, ఎవరి ఇంట ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో చట్టం చెప్పలేదు. రాజ్యాంగం పదిహేనవ అధికరణం హోటళ్లు, దుకాణాలు, వినోదశాలల్లో కులమతాల పేరుతో ఆపరాదని చెబుతుంది గానీ పెండ్లివారి పట్టీల జోలికి రాదు. అందువల్ల ఆ విషయంలో ప్రభుత్వాన్ని నేను ఏమీ అడగడం లేదు. ప్రభుత్వ కార్యక్రమాల సంగతి వేరు. వాటి ఆహ్వానపత్రికలూ నా ప్రెస్సులో పడతాయి. ప్రోటోకాల్ ప్రకారం ఎవరి పేరు తరువాత ఎవరి పేరు రావాలో చాలా పట్టింపు ఉంటుంది. ఒక పేరు ఒక వరుస కిందికి దిగిందని వేసిన కార్డులన్నీ పక్కన పడేసి రాత్రికి రాత్రి మళ్లీ వేసిన సందర్భాలు నాకున్నాయి. ఇన్ని వందల ప్రభుత్వ కార్డుల్లో కళాకారుల పేర్లు వేయమని ఒక్కసారైనా ఎవరూ అడగలేదు. 'అనంతరం సాంస్కృతిక కార్యక్రమములు ఉండును' అన్న ఒక్క వాక్యంలో వారంతా సర్దుకోవాలి. రాష్ట్ర పండుగనాడు ఎండలో ఆడినవారికి పొట్లం భోజనం ఇచ్చి వచ్చిన వాహనంలోనే పంపేయడం, అదే షామియానాలో ముందు వరుస సోఫాలు ఖాళీగా ఉండడం నేను చూశాను. పద్మ పురస్కారం పొందినవారికి, రాష్ట్రం సన్మానించినవారికి ముందు వరుసలో కుర్చీ, ఆహ్వానపత్రికలో పేరు ఉండాలని జిల్లా యంత్రాంగం ఒక ఉత్తర్వు ఇస్తే దానికి పైసా ఖర్చు లేదు.

ఇక మీ పత్రికను అడగవలసినది ఒకటుంది. పెండ్లి వార్త, ప్రారంభోత్సవ వార్త, జాతర వార్త ఏది వేసినా, అక్కడ ఆడినవారి, పాడినవారి పేరు, ఊరు రాయమని మీ విలేకరులకు చెప్పండి. వచ్చిన పెద్దమనుషుల పేర్లకు ముందు రాయమని నేను కోరడం లేదు. వారి పక్కన రాయండి. పేరు పదిసార్లు పేపర్లో పడితే ద్వారం దగ్గరి కుర్రవాడి చేతిలోని జాబితాలోకి కూడా ఆ పేరు ఎక్కుతుందని, జాబితాలు తయారుచేసే వ్యాపారంలో ఉన్నవాడిగా చెప్పగలను. మాకు జాబితాలు తెచ్చేవారు పేర్లను ఎక్కువగా మీ పేజీల నుంచే ఎత్తుకుంటారు.

నా వంతు విషయం కూడా చెప్పాలి. ఆ పెండ్లి తరువాత నుంచి వరుస సంఖ్య వేసిన విందు కార్డులు నా ప్రెస్సులో వేయడం మానేశాను. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒకాయన ఈ మాట విని పత్రికల పని మొత్తం మరోచోటికి తీసుకుపోయారు. మంచి బేరమే పోయింది. హాలియా నుంచి వచ్చిన ఇంకొకాయన మాత్రం కాసేపు ఆలోచించి, ఒకటే రకం పత్రిక చాలన్నారు. దానితోపాటు, సన్నాయి వాయించబోయేవారి పేర్లు, డప్పు బృందపు పెద్ద పేరు పత్రిక లోపలి పుటలో వేయించారు. ముప్పై ఒక్క ఏళ్లలో అలాంటి పత్రిక నేను వేయడం అదే మొదటిసారి. ఏ అక్షరాల్లో వేయాలో తెలియక చివరకు బంధుమిత్రుల పేర్లు వేసే అక్షరాల్లోనే వేశాను.

ఆ ఒగ్గు కథకుడు పోయిన వారం నా ప్రెస్సుకు వచ్చారు. మనవరాలి పెండ్లి కుదిరింది, పత్రికలు కావాలన్నారు. జాబితా కాగితం మీద రెండువందల ఇరవై పేర్లు. అందులో జాతరల్లో ఆయనకు బస ఇచ్చిన ఊళ్ల పెద్దలున్నారు, బృందంలోని పన్నెండు మంది కుటుంబాలున్నాయి, ఆ రాత్రి ఆయనను తినిపొమ్మని ఒట్టుపెట్టిన పెండ్లికూతురి తాత కూడా ఉన్నాడు. ఆ రాత్రి ద్వారం దగ్గర నేను వెనుకనే ఉన్నానని, పిలవవలసినవాణ్ణి పిలవలేదని ఆయనతో చెప్పాను. "నేను సూసిన సారూ, నీ చెయ్యి సుత సూసిన" అన్నారు. కాసేపాగి, "గదంత పోనియ్యి. మా ఇంట్ల ఒకటే బంతి. నా పక్కకే కూసోవాలె" అన్నారు. ఈ లేఖ రాయబోతున్నానని చెబితే, ఇందులో తన పేరు మాత్రం వద్దన్నారు. పేరు బయటపడితే ఈ ముహూర్తాల్లో తనను పిలిచేవారు తగ్గుతారని, బృందంలో పెండ్లీడుకు వచ్చిన పిల్లలున్నవారు నలుగురు ఉన్నారని చెప్పారు. అందువల్లనే పైన ఎక్కడా ఆయన పేరు రాయలేదు. అయితే మనవరాలి పెండ్లి వార్తలో పేరు రాయడానికి ఆయనకు అభ్యంతరం లేదు. ఆ పెండ్లి వైశాఖమాసంలో జరుగుతుంది. పత్రికల్లో మొదటిది మీ నల్లగొండ కార్యాలయానికి నేనే తెచ్చి ఇస్తాను. విలేకరిని పంపవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ముద్రణాలయ యజమాని,
రామగిరి, నల్లగొండ.